లాస్ ఏంజెలెస్‌లో ఒక మట్టి మిద్దె

లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్ నుంచి రోడ్డు దాటితే ఓల్వేరా వీధి. తోలు బెల్టులు, కుచ్చుల గౌన్లు, నూనెలో వేగుతున్న టాకిటోల వాసన, అచ్చం మన తిరునాళ్ల అంగళ్లే. "ఇక్కడొక మట్టిల్లు ఉంది నాయనా, నీకు నచ్చుతుంది" అంది మా అమ్మాయి. నేను పుట్టి పెరిగిందే అనంతపురం జిల్లా మట్టి మిద్దెలో. దాన్ని చూడ్డానికి ఇంత దూరం రావాలా అనుకుంటూనే లోపలికి వెళ్లాను. నయం, టికెట్టు లేదు.

ఇంటి పేరు ఆవిలా అడోబె. అడోబె అంటే పచ్చి ఇటుక. మట్టిలో గడ్డి కలిపి, అచ్చు పోసి, ఎండబెట్టి వాడేస్తారు, కాల్చరు. 1818లో ఫ్రాన్సిస్కో ఆవిలా అనే పశువుల ఆసామి కట్టించాడు. 1810లో ఆయన ఈ ఊరికి అల్కాల్డే. మన లెక్కన మునసబూ మేజిస్ట్రేటూ ఒక్కరే అన్నమాట. ఊరవతల వేల ఎకరాల్లో పశువులు, ఊళ్లో ఈ ఇల్లు. నగరంలో ఇప్పటికి నిలిచి ఉన్న ఇళ్లలో ఇదే పాతది.

బయట ఎండ మాడుస్తోంది. గడప దాటగానే చల్లగా తగిలింది. గోడలు రెండున్నర, మూడడుగుల మందం. పగటి వేడి అంత మట్టిలోంచి లోపలికి దిగేసరికి పొద్దు కుంకుతుంది. కిటికీ దగ్గర గోడ లోతు చూసి మనవడు "తాతా, ఇందులో పడుకోవచ్చు" అన్నాడు. మొదట్లో నేల కూడా మట్టిదే. దుమ్ము లేవకుండా రోజుకు నాలుగైదుసార్లు చిమ్మేవాళ్లట. ఎవరు చిమ్మేవాళ్లో బోర్డు మీద రాయలేదు. ఆసామి భార్య మాత్రం అయ్యుండదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కప్పు సంగతి. పదిహేను అడుగుల ఎత్తున, ఏటిగట్టు చెట్ల దూలాలు వేశారు. పైకప్పు అప్పట్లో మా మిద్దెల్లాగే చదునుగా ఉండేది. వాన దిగకుండా లా బ్రేయా గుంటల్లోని తారు తెచ్చి, రాళ్లూ గుర్రపు వెంట్రుకలూ కలిపి పూసేవాళ్లు. మాకు తారు లేదు, చౌడు మట్టి ఉంది. తడిస్తే చౌడు మెత్తబడి సందులన్నీ మూసేస్తుంది, నీళ్లు దిగవు. కానీ వానలకు ముందు ఏటా పోయాలి. ఒక్క ఏడు బద్ధకిస్తే రాత్రంతా ఇంట్లో గిన్నెలు జరుపుతూ కూర్చోవాల్సిందే. మట్టిల్లు ఎక్కడైనా అంతే, చాకిరీ మానితే నిలవదు.

ఈ ఇల్లూ ఆ గండం దాటిందే. ఆవిలా 1832లో పోయాడు. అప్పట్లో ఈ ఊరు మెక్సికోది. 1847లో అమెరికా సేనలు దీన్ని పట్టుకున్నప్పుడు ఆయన భార్య ఎన్‌కార్నసియోన్ ఒక కుర్రాడిని కాపలా పెట్టి బంధువులింటికి వెళ్లిందట. వీధిలో బ్యాండు మోగేసరికి కుర్రాడు తలుపు తీసేసి పరుగెత్తాడట. తెరిచున్న ఇల్లు చూసి అమెరికా నౌకాదళాధికారి కమొడోర్ స్టాక్‌టన్ మకాం పెట్టాడు. కుర్రాడి మీద నాకు కోపం రాలేదు, బ్యాండు మోగితే ఎవరు ఆగుతారు? తర్వాత వారసులు ఖాళీ చేశారు. ఇల్లు అద్దె గదులైంది, భోజనశాలైంది, శిథిలమైంది. 1920ల చివర కూల్చెయ్యాలని నగరం నిర్ణయిస్తే క్రిస్టీన్ స్టెర్లింగ్ అనే ఆవిడ పట్టుబట్టి చందాలు పోగేసి ఆపింది. 1930లో ఈ వీధిని మెక్సికన్ బజారుగా తెరిపించిందీ ఆవిడే. పనికి ఖైదీలను కూడా వాడారు. బజారు సంగతంటారా, సగం ఆవిడ ఊహే అనిపించింది నాకు. మరీ ముచ్చటగా ఉంది. ఇంటికి మాత్రం ఆవిడ రుణం ఉంది. 1971 భూకంపంలో గోడలు దెబ్బతిన్నాయి. కొన్నేళ్లు మూసి, బిగించి మళ్లీ తెరిచారు. ఇప్పుడు 1840ల నాటి కాపురంలా మంచాలు, బల్లలు సర్ది ఉంచారు. మొదట కట్టిన ఇంట్లో మిగిలింది కొంత భాగమే.

రాత్రి ఊరికి ఫోన్ చేసి తమ్ముణ్ని అడిగాను, మిద్దెకు ఈ ఏడు చౌడు పోయించావా అని.

"ఇప్పుడు చౌడు ఎవరు తోలుతారన్నా? రేకులు వేయించేసినా."

ఫొటో పంపమన్నాను. నీలం రేకులు, గాలికి లేవకుండా వాటి మీద రాళ్లు.