డైరీలో ముందు చూడాల్సింది రాసిన వేళ

నిద్ర పట్టడం లేదనో, ఆందోళనగా ఉందనో వచ్చినవారికి రోజూ రాసుకురమ్మని డైరీ ఇచ్చి పంపితే, చాలామంది వారం పేజీలన్నీ తిరుపతి ఓపీకి వచ్చే రోజు బస్సులోనే నింపేస్తారు. ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, అన్ని రాత్రులూ "11 నుంచి 5".

పరిశోధకుడు ఆర్థర్ స్టోన్ బృందం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ సంగతినే లెక్కలతో చూపించింది. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారి కాగితం డైరీల్లో, తెరిస్తే తెలిసిపోయేలా వెలుతురు సెన్సర్ పెట్టారు. వేళకే రాసినట్టు పేజీల్లో ఉన్నది 90 శాతం. నిజంగా వేళకు రాసింది 11 శాతం. రోగులు అబద్ధాలకోరులని దీనర్థం కాదు. వారం తర్వాత గుర్తుండేది బాగా బాధపడ్డ రాత్రి, నిన్నటి రాత్రి. మిగతావి ఊహే.

నిద్ర డైరీకి తారీఖుల వారీగా ఉండే టీటీడీ డైరీ వాడొద్దు. సోమవారం పడుకుని మంగళవారం లేస్తే ఏ పేజీలో రాయాలో తెలియక సగం తప్పులు అక్కడే వస్తాయి. "సోమ–మంగళ" అని ఒక్కో రాత్రికి ఒక్కో వరుస గీసి, లేచిన గంటలోపు రాయమనాలి. రాత్రి గడియారం చూడనే కూడదు. చూస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది. అందాజు చాలు.

10 గంటలకు మంచమెక్కి, 10:30కి లైటు ఆర్పి, నిద్ర పట్టడానికి 45 నిమిషాలు, మధ్యలో మెలకువ 40 నిమిషాలు, 5కి మెలకువ, 5:30కి లేవడం అనుకుందాం. మంచం మీద 450 నిమిషాలు, నిద్ర 305. అంటే మంచం మీద గడిపిన సమయంలో నిద్ర 68 శాతం. మామూలుగా 85 దాటితే బాగున్నట్టు. ఒక్క రాత్రిని బట్టి ఏమీ తేల్చకూడదు, కనీసం రెండు వారాలు కావాలి. బ్రహ్మోత్సవాల డ్యూటీ, నైట్ షిఫ్టు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కాఫీ పక్కన రాయించకపోతే ఆ అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

ఆందోళన డైరీలో "భయం వేసింది" అని ఊరుకుంటే పనికిరాదు. "బస్టాండులో క్యూ, గుండె దడ, ఇక్కడే పడిపోతానేమో అనిపించింది, భయం 80" అని ఉండాలి. 0 నుంచి 100 దాకా అంకె వేయించడం ఎందుకంటే, నెల తర్వాత అదే క్యూలో 50 అయితే మార్పు కళ్ళకు కనిపిస్తుంది.

ఉమ్మడి ఇంట్లో డైరీ ఎవరి చేతికైనా దొరుకుతుంది. అత్తగారు చదువుతారన్న భయమున్న కోడలు నిజం రాయదు. ఆమెకు ఫోన్‌లో పాస్‌వర్డ్ ఉన్న నోట్ గానీ, తనకే తెలిసిన గుర్తులు గానీ ఇవ్వడం మేలు.

ఫోన్‌లో అలారం మోగినప్పుడల్లా జవాబులు రాయించుకుని పరిశోధన చేసే విద్యార్థులు ఒక్కో అలారానికి ఐదారు ప్రశ్నలు మించకుండా చూసుకోవాలి. ఎక్కువసేపు పడితే కొద్ది రోజులకే జవాబులు మొక్కుబడి అయిపోతాయి. సమాధానం ఇచ్చిన టైమును ఫోనే నమోదు చేయాలి, మనిషి కాదు.

డైరీ ఇచ్చేటప్పుడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఇందులో రాసింది వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఎవరూ చదవరు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రాసి ఊరుకోకుండా ఇంట్లో ఒకరికి చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. ఆ నంబరు డైరీ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి.