హాస్టల్ నీటికి జమ్ము మడి: మా కళాశాలలో ప్రతిపాదన నుంచి అమలు దాకా నా అనుభవం

హాస్టల్ స్నానపు గదుల నుంచి వచ్చే నీటిని మురుగు కాలువలోకి వదలకుండా, మొక్కల మడిలో శుద్ధి చేసి చెట్లకు మళ్లించాలన్న ప్రతిపాదనను పాలకవర్గం ముందుంచే బాధ్యతను మా విద్యార్థి బృందం నాకు అప్పగించింది. ప్రాంగణంలో అప్పటికే సౌర ఫలకాలు, ఎల్‌ఈడీ దీపాలు ఉన్నాయి. అవి మన వల్ల కలిగే నష్టాన్ని తగ్గిస్తాయి, అంతవరకు మేలే. అయితే వాడుకున్న నేలకూ నీటికీ తిరిగి జీవం పోసే పని ఒక్కటైనా మా కళాశాలలో జరగాలని నేను గట్టిగా కోరుకున్నాను.

మాకు నమూనా చిత్తడి నేల. అక్కడ నీరు నిదానంగా కదులుతుంది. వేళ్లనూ రాళ్లనూ అంటిపెట్టుకొని పెరిగే సూక్ష్మజీవులు అందులోని సేంద్రియ మలినాలను ఆహారంగా తీసుకుంటాయి. జమ్ము వంటి మొక్కలు కాడల్లోని గాలి గదుల ద్వారా వేళ్లకు ప్రాణవాయువును చేరవేస్తాయి. నీటిని మొక్కలే శుభ్రం చేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ, అసలు శ్రమ సూక్ష్మజీవులదే. జర్మనీ శాస్త్రవేత్త కేతే జైడెల్ 1950లలోనే ఇటువంటి మొక్కలతో మురుగునీటి శుద్ధిపై ప్రయోగాలు చేశారు. అమెరికాలోని ఓబర్లిన్ కళాశాలలో 2000లో ప్రారంభమైన ఆడమ్ జోసెఫ్ లూయిస్ సెంటర్‌ను, తన మురుగునీటిని మొక్కలూ సూక్ష్మజీవులూ ఉన్న తొట్లలో తానే శుద్ధి చేసుకునేలా నిర్మించారు. కళాశాలల్లో ఇది సాధ్యమా అని అడిగినవారికి ఆ భవనం గురించే చెప్పాను.

పాలకవర్గాన్ని ఒప్పించింది మాత్రం లెక్కలే. గొట్టం చివర బకెట్ పెట్టి, నిండడానికి పట్టే సమయాన్ని బట్టి, ఉదయం రద్దీ వేళతో సహా రోజు మొత్తంలో వచ్చే నీటిని అంచనా వేశాము. కంకర మడి ఘనపరిమాణంలో సుమారు 40 శాతం ఖాళీ ఉంటుందనుకుంటే, 10 ఘనమీటర్ల మడిలో 4 ఘనమీటర్ల నీరు పడుతుంది. రోజుకు 2 ఘనమీటర్లు వస్తే, ఆ నీరు దాదాపు రెండు రోజులు వేళ్ల మధ్య నిలుస్తుంది. మడి ఎంత ఉండాలన్నది ఈ లెక్కను బట్టే తేలింది. వంటగది నీటిలో జిడ్డు కంకర సందులను మూసేస్తుంది కనుక దానిని ఈ పథకంలో కలపలేదు.

సమావేశంలో అందరూ ముందుగా అడిగింది దోమల గురించే. నేను ఒక గాజు తొట్టిలో కంకర నింపి, పై అంచుకు నాలుగు వేళ్ల దిగువ వరకే నీళ్లు పోసి తీసుకువెళ్లాను. అధ్యక్షులవారు పై రాళ్లను చేత్తో తాకి చూశారు, పొడిగా ఉన్నాయి. పైన నీరు కనబడని చోట దోమ గుడ్లు పెట్టలేదన్న సంగతిని ఆ తొట్టి నాకంటే బాగా చెప్పింది.

నిర్వహణ ఎవరిదన్న ప్రశ్న దగ్గరే ఎక్కువ కాలం ఆగిపోయాము. విద్యార్థులు చూసుకుంటారని రాస్తే అనుమతి త్వరగానే వచ్చేది, కానీ చదువు ముగిసి మేము వెళ్లిపోయాక మడి ఎండిపోయేది. అందుకే తోట సిబ్బందితో కూర్చొని, జాలీలో చిక్కే వెంట్రుకలనూ సబ్బు తెట్టునూ తీయడం, ముదిరిన జమ్మును కోయడం వారి పనిపట్టికలో చేర్చాలనీ, దానికి పట్టే సమయాన్ని వారి పనిగంటల్లోనే లెక్కించాలనీ పట్టుబట్టాను. పెద్ద తోటమాలిగారు నక్షా చూసి, నీరు ప్రవేశించే చోట పెద్ద రాళ్లు వేయాలని, ఆ భాగం మీద తెరవగలిగే మూత ఉండాలని సూచించారు. మేము గీసిన నక్షాలో జరిగిన మార్పులన్నిటిలోకీ అదే విలువైనది.

తవ్వకం, వాటం సరిచూడడం, నీరు ఇంకని పొర పరచడం సాఫీగా సాగాయి. జమ్ము, మెట్టతామర నాటాక వేళ్లు కంకరంతా అల్లుకునే వరకు నీటిని కొద్దికొద్దిగానే వదిలాము. బయటికి వచ్చే నీటిని ఇప్పుడు ప్రయోగశాలలో క్రమం తప్పకుండా పరీక్షిస్తున్నారు. దానిని మట్టి అడుగున వేసిన గొట్టాల ద్వారా చెట్లకే ఇస్తున్నాము. ఆకుకూరలకు వాడడం లేదు, గాలిలోకి చిమ్మడం లేదు.

తరగతి భవనం పైకప్పు వాననీటిని ఇంకించే పల్లపు తోటకు తర్వాతి దరఖాస్తు పెట్టాము. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు చేరుతుంది గనుక, 500 చదరపు మీటర్ల పైకప్పు మీద 20 మిల్లీమీటర్ల వానకు 10,000 లీటర్లు వస్తాయి. అంత నీరు ఒక్కసారిగా వస్తే జమ్ము మడి తట్టుకోలేదు కాబట్టి దీనికి వేరే దారి చూపాము. ఈసారి నక్షా గీయక ముందే తోటమాలిగారిని వెంటబెట్టుకొని స్థలం చూసి వచ్చాము.