నాన్న మెడ మీద దురద, గట్టు మీద వయ్యారిభామ

మూడేళ్ళు మా ఇంట్లో వంకాయ వండలేదు. గోంగూర లేదు, ఎండుచేపలైతే గడప తొక్కలేదు. నాన్నకి మెడ, కనురెప్పలు, మోచేతి మడతల్లో ఒకటే దురద, గోకి గోకి అక్కడి తోలంతా నల్లగా, మందంగా తయారైంది, చూసిన ప్రతివాళ్ళూ పడని తిండి వల్లే అన్నారు, అమ్మ పథ్యం పెట్టింది.

ఊళ్ళో సూది వేయిస్తే వారం రోజులు హాయి, తర్వాత మళ్ళీ మామూలే. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు ఏడాదిన్నర రాశారు. అందులో తామర మందు, యాంటీబయాటిక్, గట్టి స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయట, రాసినన్నాళ్ళూ అణిగి ఉండటం, ఆపగానే రెట్టింపై తిరగబడటం. మొహం మీద చర్మం పల్చబడి సన్నటి ఎర్రగీతలు తేలాక గానీ మాకు భయం పుట్టలేదు.

సిటీలో చర్మం డాక్టరమ్మ చొక్కా విప్పించి చూశారు. బట్ట కప్పిన చోట ఏమీ లేదు! "గట్ల మీద వయ్యారిభామ ఉందాండీ?" అనడిగారు. "అది లేని గట్టు ఎక్కడుందమ్మా" అని నాన్న నవ్వేశారు. తెల్లటి చిన్న పూలు పూసే కలుపు మొక్క అది, పార్థీనియం అంటారు.

అనుమానం ఉన్న పదార్థాలు ఒక్కోదాంట్లో ఒక్కోటి పెట్టిన చిన్న చిన్న పట్టీలు వీపు మీద అంటించి, రెండ్రోజులు తడపొద్దన్నారు. ప్యాచ్ టెస్ట్ అంటారు. 48 గంటలకి తీసి చూసి, తర్వాత మరోసారి చూస్తే వయ్యారిభామ పట్టీ ఉన్నచోట మాత్రం ఎర్రగా పొంగింది. ఆ మొక్కలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది, ఎండిన ఆకుల పొడి గాలికి ఎగిరొచ్చి మీద పడినా చాలు. తగిలిన వెంటనే రాదు, ఒకట్రెండు రోజులకి దురద మొదలవుతుంది, అందుకే దేనివల్లో ఎవరికీ తట్టదు, నిన్న తిన్న కూర మీదకి నేరం పోతుంది. పాపం వంకాయ.

నాకు జీన్స్ గుండీ తగిలే చోట బొడ్డు కింద వచ్చే మచ్చ కూడా ఇదే జాతి, అక్కడ దోషి నికెల్. గిన్నెల సబ్బుకీ బ్లీచింగ్‌కీ చేతులు పగలడం వేరే సంగతి, అది ఎక్కువ నానితే ఎవరికైనా వస్తుంది. ఎలర్జీ అలా కాదు, కొందరికే, కానీ ఒకసారి పట్టుకుంటే మామూలుగా జన్మలో వదలదు.

మందులు పెద్దగా ఏం లేవు. కొన్నాళ్ళు మాత్రలు, మెల్లగా తగ్గిస్తూ ఆపారు, మధ్యలో మనంతట మనం ఆపేయకూడదట. ఒంటికో క్రీము, మొహానికి అంతకంటే తేలికది, రోజులు లెక్కపెట్టి మరీ రాయమన్నారు. మాయిశ్చరైజర్ మాత్రం ఎన్నిసార్లైనా. అసలు పనంతా గట్టు మీదే ఉంది. నిండు చేతుల చొక్కా, మెడకి తువ్వాలు, పొలం నుంచి రాగానే సబ్బుతో స్నానం, ఆ బట్టలు మంచం మీద పడేయకుండా నేరుగా బకెట్లోకి. పీకడం మాత్రం నాన్నకి నిషేధం. పూత రాకముందే మనిషిని పెట్టి, గ్లవ్స్ ఇచ్చి పీకిస్తున్నాం. పైరు లేనిచోట లీటరు నీళ్ళకి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టాం, బానే మాడింది.

ఇప్పుడు మెడ మీద నలుపు సగం పోయింది, రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. పక్క చేనాయన గట్టు మాత్రం తెల్లగా విరగబూసి ఉంది. నాన్నకి అడగడం మొహమాటం, ఈ ఆదివారం నేనే వెళ్ళి అడగాలి, ఒప్పుకోకపోతే కూలి కూడా మేమే ఇచ్చుకుంటాం.