పూటకూళ్లవాడికి ఇచ్చిన మాట

పేపర్లో ‘పరామర్శ’ అన్న మాట కనబడితే మన కళ్ళ ముందు ఏం మెదులుతుంది? ఓ నాయకుడు ఆస్పత్రికి రావడం, మంచం పక్కన నిలబడి రెండు మాటలనడం, పళ్ళ సంచీ, ఫోటో, మళ్ళీ కారెక్కడం. ఐదు నిమిషాల పని. తెలుగు బైబిల్లో ఈ మాటకున్న బరువు వేరు. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, పరాయి జాతివాడైన ఓ సమరయుడు దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి పూటకూళ్లవాని ఇంటికి తీసుకుపోయి ‘అతని పరామర్శించెను’ అని ఉంది. ఆ తర్వాతి వచనం ‘మరునాడు’ అని మొదలవుతుంది. అంటే ఆ రాత్రి అక్కడే ఉన్నాడన్నమాట. యాకోబు పత్రిక 1:27లో పవిత్రమైన భక్తి ఏదని చెబుతూ మొదట చెప్పింది కూడా ఇదే: దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడం.

ఎన్నిసార్లు చదివినా నాకు ఈ తేడా పట్టుబడలేదు. చెన్నైలో ఓ పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి వరండాలో తెలిసింది.

మా తెలుగు చర్చి సంఘం స్త్రీల సమాజం తరఫున రెండేళ్ళ కిందట క్రిస్మస్ ముందు నలభై పెరుగన్నం పొట్లాలు కట్టుకుని వెళ్ళాం. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వైద్యానికి రైలెక్కి వచ్చేవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఉంటారు. పేషెంటు లోపల, తోడొచ్చినవాళ్ళు వరండాలో చాప మీద. ఉదయగిరి పక్క పల్లె నుంచి వచ్చిన ఓ పెద్దావిడకు పొట్లం అందించాను. తీసుకోలేదు.

“కూడు పొద్దున్నించి ముగ్గురిచ్చినారమ్మణ్ణీ. ఈ చీటీలో ఏం రాసుండారో చూసి చెప్తావా?”

నిజమే, చెన్నైలో అన్నానికి అంత కరువు లేదు. 2013లో అమ్మ ఉణవగం, అంటే చవక ధరల ప్రభుత్వ భోజనశాల, మొదలుపెట్టినప్పుడు ఇడ్లీ రూపాయి, పెరుగన్నం మూడు రూపాయలు. ఆవిడ ఇబ్బంది వేరు. ముందురోజు స్కానింగ్ కౌంటర్లో “నాళైక్కు వాంగ” అన్నారట, రేపు రమ్మని. ఆవిడకది ‘నాలుక్కి’ అని వినబడింది. మంచినీళ్ళకు కూడా లేవకుండా సాయంత్రం నాలుగు దాకా కౌంటర్ ఎదురుగా కూర్చుంది. నాలుగైంది, కౌంటర్ మూశారు. ఎవరి తప్పూ లేదు. ఊళ్ళో ఉన్న కొడుకుతో చెప్పుకుందామంటే ఫోన్లో చార్జింగ్ లేదు.

ఆవిడతో పాటు క్యూలో నిలబడ్డాను. ఇంతలో మావాళ్ళు గ్రూప్ ఫోటోకి రమ్మని ఒకటే కేకలు. ఆ ఫోటోలో నేను లేను. గొప్ప కోసం చెప్పడం లేదు, క్యూ వదిలితే వంతు పోతుంది.

బయల్దేరేటప్పుడు ఆవిడ అడిగింది: “మళ్ళా ఎప్పుడొస్తావమ్మణ్ణీ?” వచ్చే క్రిస్మస్‌కి అనడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చి లూకా 10:35 తీశాను. సమరయుడు ఇచ్చింది రెండు దేనారములు. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీలకు రోజు కూలి ఒక దేనారం కాబట్టి, ఇది రెండు రోజుల కూలి. చిన్న డబ్బు కాదు, అలాగని ఆస్తి రాసివ్వడమూ కాదు. నన్ను ఆపేసింది ఆ తర్వాతి మాట: “నీవింకేమైనను ఖర్చు చేసినయెడల నేను మరల వచ్చునప్పుడు అది నీకు తీర్చెదను.” ముక్కూమొహం తెలియనివాడి పేరున ఖాతా తెరిచి, దానికి తను పూచీ పడ్డాడు. మన వీధి చివర కిరాణా కొట్టాయన కూడా అరువుకి ముందు మొహం చూస్తాడు కదా! ఇంతకీ సమరయుడు తిరిగొచ్చాడా? ప్రభువు కథను అక్కడే ఆపేశాడు.

ఇప్పుడు గురువారాల్లో ఇద్దరిద్దరం వంతులేసుకుని వెళ్తున్నాం. పొట్లాలు లేవు. రెండు పెన్నులు, చార్జర్లు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. చీటీలు చదివి చెప్పడం, క్యూలో తోడు నిలబడటం, అంతే. తమిళ మాటలు తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి, అర్థంతో జిరాక్స్ తీయించి పంచుతాం. నాళై అంటే రేపు. ఇన్నిక్కి అంటే ఈరోజు. మాత్తిరై అంటే మాత్ర. మొదటి మాటగా ‘నాళై’ ఎందుకు పెట్టామో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మే నెలలో ఎండలనీ, పిల్లల సెలవులనీ మూడు వారాలు ఒక్కరం కూడా వెళ్ళలేదు. నాలుగో గురువారం సంకోచంగానే వెళ్ళాను. ఓ కుర్రవాడు చాప కింద నుంచి మా కాగితం తీసి చూపించాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. డిశ్చార్జ్ అయి వెళ్ళేవాళ్ళు పక్క చాపవాళ్ళకిచ్చి పోతున్నారట. అడుగున బాల్‌పెన్నుతో, మాది కాని దస్తూరీలో, ఇంకో మాట చేరింది: ‘వరిసై అంటే క్యూ.’