గుమ్మం దగ్గరి కథకుడు

ఆదివారం, రాత్రి.

పొద్దున ఓ పది పేజీలు చదివి పక్కన పెడదామనుకున్న నవల దీపాలు పెట్టే వేళకు గానీ నన్ను వదలలేదు. ఈలోగా తీగ మీది బట్టలు వానకు తడిసి, ఆరి, మళ్ళీ తడిశాయి. కథ చెప్పేది ఒక పెంపుడు కుక్క. దూరం నుంచి ముద్దు చేయడమే తప్ప ఎన్నడూ కుక్కను పెంచని నన్ను ఇలాంటి పుస్తకం ఇంతసేపు కూర్చోబెడుతుందని అనుకోలేదు.

కథగా చెప్పుకుంటే భార్యాభర్తలు, ఒక పాప, ఇల్లు మారడం, ఇల్లాలి జబ్బు, అంతే. అయితే ఇవన్నీ నేలకు అడుగున్నర ఎత్తు నుంచి కనిపిస్తాయి. ఆ కుక్కకు మనుషులు ముందు చెప్పుల వాసనగా తెలుస్తారు, ముఖాలు ఆ తర్వాతే. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు సుమారు 50 లక్షలుంటే, కుక్కకు జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. అందుకే పాప బడిలో ఏడ్చి వచ్చిన సంగతి తల్లికంటే ముందు గుమ్మం దగ్గరే దానికి తెలిసిపోవడం నమ్మబుద్ధి వేస్తుంది. ఒక్కచోట మాత్రం రచయిత తడబడ్డారు. పచ్చగడ్డిలో ఎర్రబంతి దూరం నుంచే మెరిసిందని కుక్క చేత చెప్పించారు. నీలం, పసుపు బాగా తెలిసే కుక్క కంటికి ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా తోచవు. బంతిని ముక్కుతో వెతికించి ఉంటే ఆ పేజీ ఇంకెంత బాగుండేదో!

కుక్కల చేత కథ చెప్పించడం కొత్త కాదు. స్పానిష్ రచయిత సెర్వాంటెస్ 1613లోనే రెండు కుక్కలకు మాట వరమిచ్చి రాత్రంతా కబుర్లాడించాడు. ఈ నవలలోని కుక్కకు ఆ వరం లేదు, నన్ను కట్టిపడేసింది అదే. ఇల్లాలి ఒంట్లో ఏదో మారిందని దానికే ముందు తెలుస్తుంది. రాత్రి పూట మంచం పక్కకు వచ్చి, ఆమె పక్కటెముకల దగ్గర ముక్కు ఆనించి కదలకుండా నిలబడుతుంది. ఆమె నవ్వి చెవి నిమురుతుంది. మరునాడూ అదే పని చేస్తే విసుక్కుంటుంది. మూడోనాడు భర్త దాన్ని వరండాలోకి తోసి తలుపు వేసేస్తాడు. మూసిన తలుపు కింది సందులో ముక్కు పెట్టి అది పడుకున్న ఆ అర పేజీ దగ్గర, ఎవరూ లేని గదిలో, "అది చెబుతోంది కదయ్యా, కాస్త వినవచ్చు కదా" అని నేను పైకే అనేశాను. తెలిసీ చెప్పలేకపోవడంలో ఆ క్షణాన నేనూ ఆ కుక్కా ఒక్కటే.

చివరి పేజీ అయ్యాక, బట్టల సంగతి గుర్తొచ్చినా లేవకుండా, మళ్ళీ మొదటి పేజీ తిరగేశాను. నాలుగో వాక్యంలోనే ఉంది, "ఈ మధ్య అమ్మ దగ్గర ఒక కొత్త వాసన వస్తోంది" అని. పొద్దున కొత్త సబ్బేమో అనుకుని దాటిపోయాను.