ఏ దేశంలో జాతివివక్ష ఎక్కువ?

విదేశాలకు వెళ్లబోయేవాళ్లు అక్కడ స్థిరపడినవాళ్లను అడిగే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది. అమెరికాలో ఎక్కువా, ఆస్ట్రేలియాలో ఎక్కువా, జర్మనీలో మనల్ని ఎలా చూస్తారు, జపాన్‌వాళ్లు చాలా మర్యాదస్తులటగా అని అడుగుతారు. వచ్చే జవాబులు దాదాపు ఎప్పుడూ వీధిలో ఎదురైన అనుభవాన్ని బట్టి ఉంటాయి. బస్సులో ఎవరో విసిరిన మాట, దుకాణంలో ఎవరో చూసిన చూపు, లేదా పదేళ్లున్నా ఎవరూ ఏమీ అనలేదన్న తృప్తి. ఆ అనుభవాలన్నీ నిజమే, వాటి బాధా నిజమే. కానీ దేశాలను పోల్చడానికి అవి చాలవని నేను గట్టిగా నమ్ముతాను. మనుషులు నోటితో ఏమంటారన్నది ఒకటి, ఉద్యోగమో అద్దె ఇల్లో ఇవ్వవలసి వచ్చినప్పుడు చేతల్లో ఏం చేస్తారన్నది మరొకటి, ఆ దేశపు చట్టం పరాయివాడికి ఎంతవరకు చోటిస్తుందన్నది ఇంకొకటి. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసి నడవవు.

మాటకూ చేతకూ ఉన్న దూరాన్ని మొదట కొలిచినవాళ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ ఒకరు. చైనీయుల వలసను నిషేధించిన 1882 నాటి చట్టం ఇంకా అమల్లో ఉన్న రోజుల్లో, 1930ల ఆరంభంలో, ఆయన ఒక చైనీయ యువ దంపతులను వెంటబెట్టుకుని అమెరికాలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కారులో తిరిగారు. 251 చోట్ల బస చేయడమో భోజనం చేయడమో జరిగితే, కాదు పొమ్మన్నది ఒకే ఒక్క చోట. ఆ తర్వాత కొన్ని నెలలకు అవే హోటళ్లకూ భోజనశాలలకూ ఉత్తరాలు రాసి, చైనీయులను అతిథులుగా అంగీకరిస్తారా అని అడిగారు. జవాబిచ్చిన 128 మందిలో నూటికి తొంభై మందికి పైగా అంగీకరించబోమన్నారు. ఎదురుగా మంచి బట్టలతో, చిరునవ్వుతో నిలబడిన ఇద్దరు మనుషులను కాదనలేనివాళ్లు, కాగితం మీద ఒక జాతి మొత్తాన్ని కాదనగలిగారు.

ఇప్పుడు చాలా దేశాల్లో దీనికి తలకిందులైన పరిస్థితి ఉంది. సర్వేలో అడిగితే అందరూ సమానమే అంటారు, దరఖాస్తు చేతికొస్తే పేరు చూసి పక్కన పెడతారు. ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు బోస్టన్, చికాగో నగరాల్లో సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపి, 2004లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానమైనా, తెల్లవాళ్లవని తోచే పేర్లున్న దరఖాస్తులకు నల్లవాళ్లవని తోచే పేర్లున్నవాటికంటే దాదాపు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఇలాంటి ప్రయోగాలు తర్వాత ఎన్నో దేశాల్లో జరిగాయి. ఐరోపా, ఉత్తర అమెరికాలకు చెందిన తొమ్మిది దేశాల్లో జరిగిన 97 ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి పరిశోధన నా ఆలోచనను చాలా మార్చింది. వివక్ష లేని దేశం అందులో ఒక్కటీ లేదు. అయితే అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది ఫ్రాన్స్‌లో, తర్వాత స్వీడన్‌లో. అమెరికా, జర్మనీ, బ్రిటన్, కెనడా తదితర దేశాలు వాటికంటే తక్కువ స్థాయిలో, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. వలసదారుల పట్ల ఉదారంగా మాట్లాడే దేశాల్లో స్వీడన్‌కు ఎంత పేరుందో తెలిసినవారికి ఈ వరుస మింగుడుపడదు. జర్మనీలో వివక్ష తక్కువగా తేలడానికి ఆ పరిశోధకులు ఊహించిన కారణం కూడా గమనించదగ్గది. అక్కడ దరఖాస్తుతో పాటే చదువు ధ్రువపత్రాలు, పాత యజమానుల లేఖలు జతచేయడం ఆనవాయితీ కాబట్టి, మనిషి గురించి ఎక్కువ తెలిసినచోట పేరు చూసి ఊహించుకోవలసిన అవసరం తగ్గుతుందని వారి ఆలోచన. అంటే మనుషుల మంచితనం కాదు, ఆఫీసు పద్ధతి పని చేసింది. అదే పరిశోధనలో మరో సంగతీ తేలింది. వలస వచ్చిన తెల్లవాళ్ల మీద వివక్ష ఉన్నా అది స్వల్పం. అదే దేశంలో పుట్టిన తెల్లజాతేతరులకు మాత్రం ప్రతిచోటా గట్టిగానే ఎదురైంది.

ఫ్రాన్స్ విషయం కాస్త ఆగి చూడాలి. అక్కడి గణతంత్ర భావన ప్రకారం పౌరుడు పౌరుడే, అతడి జాతి, మతం ప్రభుత్వానికి అక్కరలేదు. అందుకే జనగణనలో జాతి గురించి అడగరు. 1978 నాటి సమాచార రక్షణ చట్టం ఇలాంటి వివరాల సేకరణకు గట్టి కట్టుబాట్లు పెట్టింది, 2007లో రాజ్యాంగ మండలి కూడా జాతిమూలాల ఆధారంగా గణాంకాలు రాయడాన్ని తోసిపుచ్చింది. యూదులను ప్రభుత్వమే జాబితాలు రాసి నాజీలకు అప్పగించిన చరిత్ర ఉన్న దేశంలో ఈ భయానికి అర్థం ఉందని ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే, దీని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చెప్పాలి. లెక్కే లేనప్పుడు, పారిస్ శివార్లలో అల్జీరియా, మాలి మూలాలున్న యువకుడు నాకు అన్యాయం జరుగుతోందంటే చూపించడానికి అంకె ఉండదు. బ్రిటన్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టి, 1991 నుంచి జనగణనలోనే జాతిమూలం అడుగుతోంది. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడు హత్యకు గురైతే, పోలీసుల దర్యాప్తు మీద వేసిన విచారణ సంఘం 1999లో వ్యవస్థలోనే జాతివివక్ష ఉందని తన నివేదికలో రాసింది. బ్రిటన్‌లో వివక్ష పోయిందని కాదు. 2018లో వెలుగు చూసిన విండ్‌రష్ ఉదంతంలో, చిన్నప్పుడే కరీబియన్ దీవుల నుంచి చట్టబద్ధంగా వచ్చి దశాబ్దాలు బతికిన వృద్ధులను కాగితాలు లేవన్న సాకుతో వేధించినదీ ఆ దేశమే. కానీ అంకెలున్నచోట అబద్ధం ఎక్కువకాలం నిలవదు. ఈ ఒక్క విషయంలో నేను బ్రిటన్ పద్ధతినే సమర్థిస్తాను.

చట్టంలో జాతి పేరెత్తకుండానే జాతిని బట్టి తలుపు మూయవచ్చని ఆస్ట్రేలియా నేర్పింది. 1901 నాటి వలస నియంత్రణ చట్టంలో నల్లవాళ్లు, ఆసియావాళ్లు అన్న మాట లేదు. వచ్చినవాడు అధికారి చదివే 50 పదాలను ఏదో ఒక ఐరోపా భాషలో తప్పుల్లేకుండా రాయాలి, అంతే. ఆ భాష ఏదో నిర్ణయించేది అధికారి. రాకూడదనుకున్నవాడికి ఇంగ్లీషు వస్తే మరో భాషలో చదివేవారు. 1909 తర్వాత ఈ పరీక్షలో గట్టెక్కినవాడు లేడు. 1934లో ఎగన్ కిష్ అనే ప్రాగ్ నగర పాత్రికేయుడు యుద్ధ వ్యతిరేక సభల్లో మాట్లాడడానికి వచ్చాడు. ఆయన తెల్లవాడే, కానీ కమ్యూనిస్టు. దిగనివ్వకపోతే ఓడ మీది నుంచి రేవు గట్టు మీదికి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయనకు ఎన్నో భాషలు వచ్చునని తెలిసిన అధికారులు స్కాట్లండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. రాయలేకపోయినందుకు శిక్ష కూడా పడింది. చివరికి ఆ దేశపు హైకోర్టు, గేలిక్ ఈ చట్టం ఉద్దేశించిన ఐరోపా భాష కాదని శిక్షను కొట్టివేసింది. ఆ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉంది. ఇప్పుడు మనవాళ్లు పాయింట్లు లెక్కపెట్టుకుని ఆస్ట్రేలియా వీసాకు దరఖాస్తు చేస్తున్నారంటే, తెల్లవాళ్లకే చోటన్న ఆ వలస విధానాన్ని 1973 నాటికి పూర్తిగా తుడిచివేయడం వల్లనే.

వచ్చినవాడి సంగతి కంటే వాడికి అక్కడ పుట్టిన బిడ్డ సంగతి దేశ స్వభావాన్ని ఎక్కువ చెబుతుంది. 1961లో జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని కార్మికులను రప్పించుకుంది. వాళ్లు కొన్నాళ్లు పనిచేసి వెళ్లిపోతారనుకుంది. వాళ్లు వెళ్లలేదు, పిల్లలు పుట్టారు, జర్మన్ బడుల్లో చదివారు, అయినా చట్టం దృష్టిలో విదేశీయులుగానే మిగిలారు. పౌరసత్వం రక్తసంబంధాన్ని బట్టి రావాలన్న 1913 నాటి చట్టం అలా చెప్పింది. తరతరాలుగా రష్యాలో బతికి, జర్మన్ అంతంతమాత్రంగా వచ్చిన జర్మన్ వంశీయులకేమో రాగానే పౌరసత్వం దక్కింది. 1993లో జోలింగెన్ పట్టణంలో ఒక టర్కిష్ కుటుంబం ఇంటికి నిప్పు పెడితే చనిపోయిన ఐదుగురూ స్త్రీలు, బాలికలు. వాళ్లను పరాయివాళ్లుగా చూడమని చట్టమే దశాబ్దాల పాటు చెబుతూ వచ్చినచోట, ఆ నిప్పు పెట్టిన కుర్రాళ్ల ద్వేషానికి చట్టంతో సంబంధం లేదని నేను అనుకోలేను. విదేశీ తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే పౌరసత్వం ఇచ్చే మార్గం 2000లో వచ్చింది. ద్వంద్వ పౌరసత్వానికి పూర్తి అనుమతి 2024లో గాని రాలేదు.

అమెరికా ఈ ప్రశ్నకు 1868లోనే, ఆ గడ్డ మీద పుట్టినవాడు పౌరుడేనన్న 14వ రాజ్యాంగ సవరణతో జవాబు చెప్పింది. చైనీయ తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అమెరికా పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తల్లిదండ్రులకు మాత్రం పౌరులయ్యే హక్కే లేదు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు ఈ హక్కు లేకుండా చేయాలని 2025 జనవరిలో అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడితే, కోర్టులు వెంటనే నిలిపివేశాయి. హెచ్-1బీ మీద ఉన్న వేల తెలుగు కుటుంబాలు ఆ వారాల్లో ఎంత కలవరపడ్డాయో చెప్పనక్కర్లేదు.

గల్ఫ్ దేశాలలో ఈ ప్రశ్నకే చోటు లేదు. యూఏఈ జనాభాలో పదింట దాదాపు తొమ్మిది వంతులు విదేశీయులే. అక్కడే పుట్టి, పెరిగి, ఉద్యోగం చేసినా నివాసానుమతి వీసాతో ముడిపడి ఉంటుంది. కఫాలా పద్ధతిలో కార్మికుడి ఉనికే యజమాని చేతిలో ఉండేది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు, అన్ని జాతీయులకూ వర్తించే 1,000 రియాళ్ల కనీస వేతనం తెచ్చింది గాని, పౌరసత్వపు తలుపు మూసే ఉంది. అయినా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు చాలామంది అక్కడ ఎవరూ ఏమీ అనరని చెబుతారు. నిజమే కావచ్చు. ఎన్నటికీ సమానుడు కాలేనివాడితో ఎవరికీ పోటీ ఉండదు కాబట్టి గొడవా ఉండదు. వచ్చినవాడు పక్కింట్లో ఇల్లు కొని, ఓటు వేసి, బడి కమిటీలో కూర్చునేచోటే నీ దేశానికి నువ్వు పో అన్న అరుపు వినిపిస్తుంది. 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరు ప్రాణం తీసినవాడు కాల్చేముందు అరిచినదీ అలాంటి మాటే. ఆ అరుపును తేలిక చేయను. కానీ అరుపు వినిపించని చోటును సమానత్వం ఉన్న చోటుగా పొరబడకూడదు.

జపాన్ మర్యాదను కూడా ఇలాగే చూడాలి. హొక్కైడోలోని ఒటారు పట్టణంలో ఒక స్నానశాల, రష్యన్ నావికులతో ఇబ్బంది పడి, విదేశీయులందరినీ రానివ్వడం మానేసింది. జపాన్ పౌరసత్వం తీసుకున్న తెల్లజాతీయుడిని కూడా చూడటానికి విదేశీయుడిలా ఉన్నావని ఆపింది. 2002లో సప్పొరో జిల్లా కోర్టు ముగ్గురు బాధితులకు తలా పది లక్షల యెన్ల పరిహారం ఇప్పించింది, కాని ఇలాంటి వివక్షను సూటిగా నిషేధించే చట్టం చేయనందుకు నగర పాలనను తప్పుపట్టలేదు. విద్వేష ప్రసంగాల మీద 2016లో వచ్చిన చట్టంలోనూ శిక్షలు లేవు.

ఒంటి రంగు ఒకటే అయినంత మాత్రాన వలసదారుడికి రక్షణ లేదని దక్షిణాఫ్రికా చూపించింది. 2008 మేలో జొహానెస్‌బర్గ్ పేదవాడల్లో మొదలైన దాడుల్లో 60 మందికి పైగా చనిపోయారు. చంపినవాళ్లూ చనిపోయినవాళ్లూ నల్లవాళ్లే. జింబాబ్వే, మొజాంబిక్ వలసదారులను ఏరడానికి అల్లరిమూకలు దారిలో మనుషులను ఆపి, మోచేతిని జులు భాషలో ఏమంటారో చెప్పమన్నాయి. ఆస్ట్రేలియా అధికారులు బల్ల ముందు కూర్చుని పెట్టిన పరీక్షే ఇక్కడ వీధిలో కర్రలు పట్టుకుని పెట్టారు. చనిపోయినవాళ్లలో మూడో వంతు దక్షిణాఫ్రికా పౌరులే కావడం, ఈ ద్వేషానికి పాస్‌పోర్టు కూడా పట్టదని చెబుతుంది.

ఈ చర్చలో భారతీయులు ఎప్పుడూ బాధితులుగా మాట్లాడటం నాకు సమ్మతం కాదు. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి ఒకరు ఢిల్లీ మార్కెట్‌లో తన జుట్టు మీద చేసిన ఎగతాళికి ఎదురు తిరిగినందుకు దెబ్బలు తిని చనిపోయాడు. 2017లో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల మీద గుంపులు దాడి చేశాయి. ఈ అలవాటు సముద్రం దాటినా వదలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ తింద్ పౌరసత్వం కోరినప్పుడు, ఆ హక్కు అప్పట్లో తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే ఉండేది. ఆయన తరఫున సుప్రీంకోర్టులో చేసిన వాదన ఆ చట్టం అన్యాయమని కాదు. తాను ఆర్యుడనని, అగ్రకులస్థుడినని, అమెరికా తెల్లవాడు నల్లవాడిని ఎలా చూస్తాడో అగ్రకుల హిందువు ఆదివాసీని అలాగే చూస్తాడని. 1923 ఫిబ్రవరిలో కోర్టు ఏకగ్రీవంగా కాదంది. సామాన్య అమెరికన్ దృష్టిలో ఆయన తెల్లవాడు కాడని చెప్పింది. నూరేళ్ల తర్వాత, 2023 ఫిబ్రవరిలో, కులవివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరంగా సియాటిల్ నిలిచింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా అలాంటి బిల్లును ఆమోదించింది గాని, ఉన్న చట్టాలే చాలునంటూ గవర్నరు తిప్పిపంపారు. ఆ బిల్లు కావాలని పోరాడినవాళ్లలోనూ, వద్దని పోరాడినవాళ్లలోనూ ముందున్నది భారతీయ వలసదారులే.