పళ్ళెంలో పోసిన గోధుమ ఏం చెబుతుంది

పరాయి దేశంలో గోధుమ విత్తన ప్లాంటులో కుదిరితే, శాంపిల్ తీసే పని ఎప్పుడో ఒకప్పుడు మీద పడుతుంది. ట్రైలర్‌లో ప్రోబ్ గుచ్చి గింజ తీయడం, తేమ చూడడం, చీటీ రాయడం. భాష సరిగా రాకపోయినా ఫర్వాలేదు, గింజను చదవడం రావాలి. పళ్ళెంలో పల్చగా పరిచి చూస్తే ఆ చేను ఎలాంటి రోజులు గడిపిందో చాలావరకు తెలిసిపోతుంది.

ముడతలు పడి సన్నగా ఉంటే, గింజ పాలుపోసుకునేటప్పుడు ఎండ 30 డిగ్రీలు దాటిందనో, నీళ్ళు చాలలేదనో అనుకోవచ్చు. ఇది మొలుస్తుంది గానీ బలం తక్కువ. లోతుగా పడితే పైకి రాలేకపోతుంది. సగం తెల్లగా, సగం గాజులా ఉంటే నత్రజని తక్కువైంది. దాని గొడవ పిండిమర వాళ్ళకే ఎక్కువ.

సుద్దలా తెల్లబడి, అక్కడక్కడ గులాబీ రంగు తేలితే పూత మీద తడి నిలిచి ఫ్యుజేరియం బూజు పట్టినట్టు. తేలిక గింజ గ్రావిటీ టేబుల్ (బరువును బట్టి గింజను వేరుచేసే యంత్రం) మీద చాలావరకు పోతుంది, మిగిలినదానికి మందు పట్టించాలి. ఆ దుమ్ములో విషం ఉండొచ్చు, మాస్క్ తీయకండి.

అన్నిటికన్నా మోసం చేసేది పండిన చేను మీద పడ్డ వాన. అంకురం దగ్గర పైపొర చిట్లి ఉబ్బితే కంటికే తెలుస్తుంది. తెలియనిదే ప్రమాదం: గింజ బాగానే కనిపిస్తుంది, లోపల పిండిని కరిగించే ఎంజైమ్ పని మొదలుపెట్టేసి ఉంటుంది. చీటీలో ‘ఫాలింగ్ నంబర్’ అని ఉండేది దీని కొలతే. 7 గ్రాముల పిండి, 25 మిల్లీలీటర్ల నీళ్ళు గొట్టంలో కలిపి మరిగే నీటిలో పెడతారు. 60 సెకన్లు కలిపి కడ్డీ వదిలితే అది కిందికి దిగేదాకా పట్టిన మొత్తం సమయమే ఆ నంబర్. 300 సెకన్లు దాటితే చెడని గింజ. 62 వచ్చిందంటే, కలిపిన 60 పోను రెండు సెకన్లలోనే కడ్డీ దిగిపోయింది, ఎంజైమ్ వల్ల గంజి చిక్కగా నిలవలేదన్నమాట. ఇలా చెడిన విత్తనం ఈరోజు మొలిచినా గోదాములో త్వరగా చచ్చిపోతుంది, విత్తే ముందు మళ్ళీ పరీక్షించాల్సిందే.

దీనికి తలకిందులు, చల్లటి వాతావరణంలో పండిన పంట. కోసిన కొత్తలో మొలక పరీక్షకి 20 డిగ్రీల దగ్గర పెడితే సరిగా మొలవదు. కొత్తవాళ్ళు చచ్చిందని రాసేస్తారు. అది నిద్రే. తడి కాగితం మీద 5 నుంచి 10 డిగ్రీల చలిలో కొన్ని రోజులు ఉంచి, తర్వాత 20కి మారిస్తే లేస్తుంది.

కోతకి 13, 14 శాతం తేమ మంచిది. మరీ ఎండితే గింజ పగులుతుంది, పచ్చిగా ఉంటే అంకురం నలుగుతుంది. తడి లోడు వస్తే డ్రయ్యర్ గాలి 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. దాణా గింజకి పెట్టిన వేడి తగ్గించకుండా విత్తనం పోస్తే బయటికి నిగనిగలాడుతూనే వస్తుంది. ప్రాణం పోయిన సంగతి మొలక పరీక్ష ఎనిమిదో రోజున బయటపడుతుంది.